ఉచితంగా ఇచ్చిన కోడ్‌కి ఇప్పుడు డబ్బు అడగొచ్చా?

సందేహం: ఆరేళ్ల కిందట నేనొక లైబ్రరీ (ఇతర ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్) రాసి, ఎంఐటీ లైసెన్స్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద విడుదల చేశాను. తర్వాత మరికొందరు కూడా అందులో కోడ్ రాశారు. ఇప్పుడొక పెద్ద కంపెనీ దాన్ని తన క్లౌడ్ సేవలో పెట్టి అమ్ముకుంటోంది. నాకేమీ ఇవ్వకపోగా, బగ్‌లు (కోడ్‌లోని తప్పులు) త్వరగా సరిచేయమని మెయిల్స్ పెడుతోంది. లైసెన్స్ రద్దు చేయవచ్చా?

సమాధానం: మీ బాధ అర్థమైంది. అయినా విడుదలైన వెర్షన్ల విషయంలో మీకు ఆశ పెట్టలేను. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అని ఎంఐటీ లైసెన్సే చెబుతోంది. ఇచ్చిన ఆ అనుమతిని ఇప్పుడు వెనక్కి తీసుకుంటానంటే కోర్టులో నిలబడటం చాలా కష్టం.

ఆ లైసెన్స్‌లో షరతు ఒక్కటే ఉంది: మీ కాపీరైట్ ప్రకటన, లైసెన్స్ పాఠం ప్రతి కాపీలోనూ ఉండాలి. కోడ్‌ను తమ సర్వర్లలోనే నడుపుకుంటే కాపీ ఇచ్చినట్టు కాదు. ఆ కంపెనీ ఫోన్ యాప్ కూడా ఇస్తుంటే మాత్రం, సెట్టింగ్స్‌లో లైసెన్సుల పేజీ తెరిచి మీ పేరు ఉందేమో చూడండి. లేకపోతే అది ఉల్లంఘనే. ఓపెన్ సోర్స్ లైసెన్స్ షరతులు పాటించకపోతే కాపీరైట్ ఉల్లంఘన కేసు వేయొచ్చని 2008లో జేకబ్సన్ వర్సెస్ కాట్జర్ కేసులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు చెప్పింది.

రాబోయే వెర్షన్లు మీ చేతిలోనే ఉన్నాయి. మిగతావాళ్లు కూడా ఎంఐటీ కిందే కోడ్ ఇచ్చి ఉంటే, వాళ్ల కాపీరైట్ ప్రకటనలు, లైసెన్స్ పాఠం అలాగే ఉంచి కొత్త వెర్షన్‌ను ఏజీపీఎల్ అనే మరో ఓపెన్ సోర్స్ లైసెన్స్ కిందికి మార్చవచ్చు. అప్పుడు కోడ్‌ను మార్చి నెట్‌వర్క్ సేవగా నడిపేవాళ్లు మార్చిన కోడ్ మొత్తాన్ని వాడుకరులకు అందుబాటులో ఉంచాలి. అది వద్దనుకునే కంపెనీకి వాణిజ్య లైసెన్స్ అమ్మవచ్చు. అయితే ఇకపై కోడ్ ఇచ్చే ప్రతివారి దగ్గరా అందుకు రాతపూర్వక అనుమతి తీసుకోండి. అది లేకుండా వాళ్ల కోడ్‌ను వాణిజ్య లైసెన్స్ కింద అమ్మలేరు.

పాత వెర్షన్ నుంచి ఆ కంపెనీవాళ్లు ఫోర్క్ చేసుకోవచ్చన్నది, అంటే ఆ కోడ్‌తో సొంతంగా వేరే ప్రాజెక్టు నడుపుకోవచ్చన్నది కూడా లెక్కలోకి తీసుకోండి. 2021లో ఎలాస్టిక్ సంస్థ తన సెర్చ్ సాఫ్ట్‌వేర్ ఎలాస్టిక్‌సెర్చ్ లైసెన్స్ మార్చగానే అమెజాన్ పాత కోడ్‌తో ఓపెన్‌సెర్చ్ మొదలుపెట్టింది.

మరొకటి: ఉద్యోగంలో ఉండగా రాసిన కోడైతే ముందు మీ నియామక ఒప్పందం చూసుకోండి, అసలు హక్కుదారు మీ యజమాని కావచ్చు.

ఇక ఆ మెయిల్స్ సంగతి. కోడ్‌ను ఏ హామీ లేకుండా ఉన్నదున్నట్టుగా ఇస్తున్నట్టు ఎంఐటీ లైసెన్స్‌లో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. బగ్ సరిచేసే బాధ్యత మీకు లేదు. మీ సమయానికి మీరు ధర పెట్టుకోవచ్చు. మళ్లీ మెయిల్ వస్తే సపోర్ట్ ఒప్పందం ముసాయిదా, దాని రుసుము జతచేసి జవాబివ్వండి. సంతకం అయ్యాకే ఆ బగ్ తెరవండి.