పాత సినిమా తెర నిండా ఎందుకు రాదు?

ప్రశ్న: మా చిన్న థియేటర్లో వచ్చే నెల కొత్త సినిమాలతో పాటు పాత ఆణిముత్యాలనూ వేస్తున్నారు. గతంలో వేసిన పాత చిత్రం తెర మధ్యలోనే కనిపించి, రెండు పక్కలా నల్లగా ఉండిపోయింది. అది లోపమా?

జవాబు: లోపం కాదండీ, సరైన ప్రదర్శనకు అదే గుర్తు. 1953లో సినిమాస్కోప్ అనే వెడల్పాటి తెర పద్ధతి వచ్చేదాకా చాలా చిత్రాలను ఎత్తుకు 1.37 రెట్లు వెడల్పుండే చట్రంలోనే తీసేవారు. నేటి స్కోప్ తెర వెడల్పు ఎత్తుకు దాదాపు 2.39 రెట్లు కనుక, దాన్ని బలవంతంగా నింపితే నటుల తలలు గానీ, నాట్యంలో పాదాలు గానీ తెగిపోతాయి, లేదంటే ముఖాలు సాగిపోతాయి. ఆ కోత చూడలేం. ఇరుపక్కలా నల్ల పరదాలను బొమ్మ అంచుదాకా జరిపితే దృశ్యం మరింత నిండుగా ఉంటుంది. నిర్వాహకులను తప్పక అడగండి. ఇక కొత్త చిత్రాల డిజిటల్ ప్రతిని తెరిచే తాళంచెవి లాంటి సంకేతం సాధారణంగా నిర్ణీత తేదీల్లోనే పనిచేస్తుంది కాబట్టి, వాటిని ప్రకటించిన రోజుల్లోనే చూసేయండి.