అబ్బాయిని బెంగళూరు పంపేయకండి

ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి: మావాడికి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. స్నేహితులతో కలిసి మా వీధి కిరాణా అంగట్లో గల్లాపెట్టెలోంచి 4 వేలు తీశాడు. వచ్చే నెల జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు పోవాలి. వాళ్ల నాయన వాడితో మాట్లాడటం మానేశారు. డబ్బు కట్టేసి, వాణ్ణి బెంగళూరులో హోటల్ పనికి పంపేస్తానంటున్నారు. ఏం చేయమంటారు?

అమ్మా, ముందు ఆ బెంగళూరు ప్రయాణం ఆపండి. విచారణ ఉండగా పిల్లవాడు ఊళ్లో లేకపోతే పారిపోయాడనుకుంటారు. బోర్డంటే 18 ఏళ్లలోపు పిల్లల మీద వచ్చిన కేసులు చూసే చోటు, నేరుగా జైలుకు పంపే చోటు కాదు. మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం మందలించి కౌన్సెలింగ్ ఇప్పించొచ్చు, సమాజసేవ చేయించొచ్చు, మంచి నడవడి షరతు మీద మీకే అప్పగించొచ్చు. ఇలాంటి కేసు వల్ల రేపు ఉద్యోగానికి అనర్హత రాదు. లాయర్ని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా పెడుతుంది.

ఇక ఆ 4 వేలు. వాళ్ల నాయన కట్టేస్తే గల్లా నిండుతుంది, మీవాడికి మాత్రం ఏమీ తెలిసిరాదు. అప్పట్నుంచి అంగడాయన భార్య మధ్యాహ్నం అన్నానికి కూడా గల్లా వదిలి లేవడం లేదని మీరే రాశారు. ఆ మాట ఆమె నోటితోనే వాడు వినాలి. చేసింది ఒప్పుకుని, కష్టపడి ఆ బాకీ వాడే తీర్చాలి. న్యూజిలాండ్‌లో 1989 చట్టంతో ఈ పద్ధతే పెట్టారు: పిల్లవాడి కుటుంబమూ, నష్టపోయిన మనిషీ ఒకచోట కూర్చుని తప్పు ఎలా సరిదిద్దాలో తేల్చుకుంటారు. వీధి పంచాయితీ మాత్రం పెట్టకండి. పదిమందిలో నిలబెడితే సిగ్గు చచ్చి మొండితనం మిగులుతుంది. ఆ దంపతులు వద్దంటే బలవంతపెట్టొద్దు, కేసు వెనక్కి తీసుకోమని అడగనే అడగొద్దు. ఇదంతా ముందు లాయరుతో మాట్లాడుకోండి. మీ ఇంటి పరిస్థితి చూసి బోర్డుకు నివేదిక ఇచ్చే ప్రొబేషన్ అధికారికీ చెప్పండి.

జమ్మలమడుగులో మీ తమ్ముడికి సెల్‌ఫోన్ రిపేరు అంగడి ఉందనీ, మేనమామంటే వాడికి గురి అనీ రాశారు. ఆదివారాలు అక్కడికి పంపండి. నీతులు చెప్పొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పండి. పక్కపక్కన కూర్చుని స్క్రూలు విప్పుతుంటే మాటలు వాటంతటవే వస్తాయి. మీ తమ్ముడు నెల చూసి విసిగి వాణ్ణి వదిలేసేటట్టయితే మొదలుపెట్టకపోవడమే మేలు; ఈ వయసులో నమ్మిన మనిషి వదిలేస్తే ఆ దెబ్బ పెద్దది. అక్కడ వచ్చిన డబ్బు అంగడాయనకు వాడి చేతే ఇప్పించండి.

మీ ఆయన కోపం తీరకపోయినా ఫరవాలేదు, రాత్రి అన్నం దగ్గర వాడి పక్కన కూర్చోమనండి. బోర్డు ముందుకు మాత్రం ముగ్గురూ కలిసే వెళ్లండి.