జూలైలో మొరాకో: నగరాలు, సముద్రం, ఎడారి మూడూ తిరగొచ్చా? వైజాగ్ నుంచి వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

గాజువాక నుంచి మీరూ మీ ఫ్రెండూ జూలైలో 15 రోజులు బ్యాగు భుజానేసుకుని మొరాకో తిరగాలనుకుంటున్నారు, ఆ ఎండల్లో సహారా వద్దని అందరూ భయపెడుతున్నారు, ఎడారిని వదిలేయాలా అని కదా మీ ప్రశ్న. వదలొద్దు. కాకపోతే ఏ ఊరు ముందు, ఏ ఊరు తర్వాత అన్నది ఎండని చూసుకుని వేసుకోండి. నేను 2023 జూలైలో ఒక్కడినే 16 రోజులు తిరిగాను, ఆ వరుసే తప్పు వేసుకున్నాను.

బయల్దేరేటప్పుడు సీతమ్మధారలో మా వాళ్లందరిదీ ఒకటే మాట, "వైజాగ్ ఎండలు చూసినవాడివి, నీకేంట్రా" అని. నేనూ అదే ధీమాతో వెళ్లి దెబ్బతిన్నాను. మనది ఉక్కపోత. 35 డిగ్రీలకే చొక్కా తడిసి వీపుకి అంటుకుంటుంది, చిరాకేసి నీళ్లు తాగి నీడకి పోతాం. మర్రకేష్‌లో 43 డిగ్రీలున్నా నాకు చెమటే కనబడలేదు. పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. పర్లేదు, బాగానే ఉందనుకుంటూ మధ్యాహ్నం రెండింటిదాకా బజార్లలో తిరిగాను. సాయంత్రానికి నల్ల టీషర్ట్ మీద తెల్లగా ఉప్పు చారలు, తల పగిలిపోయే నొప్పి, రాత్రంతా వాంతులు. నేను దిగింది రియాద్‌లో. అంటే మన మండువా లోగిలి లాంటి పాత ఇల్లు, గదులు అద్దెకిస్తారు. అది నడిపే పెద్దావిడ గ్లాసులతో లెబెన్ తెచ్చి తాగించింది. అచ్చం మన మజ్జిగే. అక్కడి పాల దుకాణాల్లో చల్లగా దొరుకుతుంది, ఆ తర్వాత రోజూ అదే నాకు మందు.

కాబట్టి దాహం వేసినా వేయకపోయినా కాస్త కాస్తగా నీళ్లు తాగుతూనే ఉండండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఓ పది ఇక్కడే మెడికల్ షాపులో కొనుక్కోండి. పన్నెండు నుంచి ఐదు దాకా గదిలో పడుకోండి. రోజు వృథా అయిపోతుందని టెన్షన్ పడక్కర్లేదు, జూలైలో అక్కడ ఎనిమిదిన్నర దాటితే గానీ పొద్దు కుంకదు. మర్రకేష్‌లో జెమా ఎల్ ఫనా మైదానం ఎలాగూ సాయంత్రం దాటాకే అసలు రంగులోకి వస్తుంది.

ఇక వరుస సంగతి. నేను కాసాబ్లాంకాలో దిగి నేరుగా సముద్రపొడ్డున ఎస్సవీరాకి పోయాను. తర్వాత మర్రకేష్, సహారా అంచున మెర్జూగా అనే ఎడారి ఊరు, ఫెజ్. మొదట్లో చల్లగాలికి కులాసాగా ఉండి, మిగతా రోజులన్నీ పెనం మీద గడిపాను. మీరు దీన్ని తిప్పేయండి: కాసాబ్లాంకా, రబాత్, ఫెజ్, అక్కణ్నించి రాత్రి బస్సులో మెర్జూగా, ఆ తర్వాత మర్రకేష్, చివర్న ఎస్సవీరా. ఒంట్లో ఓపికున్నప్పుడే ఎడారి అయిపోతుంది, సముద్రం విశ్రాంతికి మిగులుతుంది.

కాసాబ్లాంకాలో హసన్ 2 మసీదు చూస్తే చాలు, ఒక్క రాత్రికి మించి ఉండొద్దు. 1993లో పూర్తయిన ఆ మసీదుని సముద్రం అంచునే కట్టారు. ముస్లిమేతరుల్ని కూడా టూర్ టికెట్ మీద లోపలికి పంపుతారు, ఆ దేశంలో చాలా మసీదుల్లో అలా కుదరదు. ఫెజ్‌కి రైల్లో నాలుగు గంటలు. ఫెజ్ పాత ఊరంటే మన పూర్ణా మార్కెట్ సందుల్ని తీసి వందసార్లు మడతపెట్టినట్టుంటుంది. కార్లు పట్టవు, సామాను గాడిదల మీదే. వెనకనుంచి "బాలక్!" అని కేక వినబడితే గోడకి అంటుకుపోండి, తప్పుకోమని దానర్థం. "ఈ దారి మూసేశారు, నేను చూపిస్తా" అనే కుర్రాళ్లు తగులుతారు. దారి మూసి ఉండదు. నన్నొకడు పచ్చి తోళ్లు శుద్ధి చేసే చౌరా అనే చోటికి తీసుకెళ్లి 100 దిర్హమ్‌లు అడిగాడు, 20 ఇచ్చి బయటపడ్డాను. అప్పట్లో దిర్హమ్ అంటే సుమారు 8 రూపాయలు. ఆ తోళ్ల కంపుకి ముక్కు దగ్గర పెట్టుకోమని పుదీనా రెమ్మ ఇస్తారు, మొహమాటపడకుండా తీసుకోండి.

మెర్జూగాలో రెండు రాత్రులు చాలు. బస్సు పొద్దున్నే దింపుతుంది, అప్పుడే ఇసక మీదికి పోదామని సరదా పడొద్దు. పగలంతా ఊళ్లో గోడలు మందంగా ఉన్న మట్టి ఇంట్లో పడుకుని, ఆరున్నర తర్వాత ఒంటె ఎక్కండి. ఎర్గ్ షెబ్బీ దిబ్బలు కొన్నిచోట్ల 150 మీటర్ల ఎత్తుంటాయి. భీమిలి దారిలో మన ఎర్రమట్టి దిబ్బలు ఎక్కినవాణ్నే కదా అనుకున్నాను. అవి గట్టిబడిన దిబ్బలు, కాలు నిలుస్తుంది. ఇక్కడ రెండడుగులు వేస్తే ఒకటిన్నర కిందికి జారుతుంది. ఏసీ టెంట్ అని చెప్పి డబ్బులు తీసుకున్నాడు క్యాంపువాడు, వెళ్లి చూస్తే జనరేటర్ పనిచేయట్లేదు. గొడవపడి లాభం లేక, అందరం తివాచీలు బయటికి లాక్కుని ఇసక మీదే పడుకున్నాం. చిన్నప్పుడు కరెంటు పోతే డాబా మీద పడుకున్నట్టే. అన్ని చుక్కలు మాత్రం వైజాగ్ డాబా మీద ఎప్పుడూ చూళ్లేదు. అర్ధరాత్రి దాటాక తూర్పు నుంచి వడగాలి లేచింది, వాళ్లు చెర్గి అంటారు. నోట్లో, చెవుల్లో ఇసకే. ఒంటెలతో వచ్చినాయన నా తుండు తీసుకుని కళ్లు మాత్రమే కనబడేలా తలకి చుట్టేశాడు. మీరూ పొడవైన నూలు బట్ట ఒకటి, ఫుల్ చేతుల పల్చటి చొక్కాలు రెండు పెట్టుకోండి. సన్‌స్క్రీన్ కన్నా ఇవే ఎక్కువ అక్కరకొచ్చాయి.

మెర్జూగా నుంచి మర్రకేష్‌కి పగటి బస్సు దాదాపు 12 గంటలు. చివర్లో 2,260 మీటర్ల ఎత్తున టిజి న్ టిష్కా కనుమ దాటుతుంది. అరకు ఘాట్‌రోడ్డులో కడుపులో తిప్పేవాళ్లయితే మాత్ర వేసుకోండి. నేను తిరిగొచ్చిన రెండు నెలలకే, సెప్టెంబర్ 8 రాత్రి, ఆ అట్లాస్ కొండల్లో పెద్ద భూకంపం వచ్చింది. లెబెన్ ఇచ్చిన పెద్దావిడకి మెసేజ్ పెడితే మూడో రోజుకి జవాబొచ్చింది, గోడలు బీటలిచ్చాయి, మనుషులం బాగున్నాం అని.

ఎస్సవీరాకి మర్రకేష్ నుంచి బస్సులో మూడు గంటలు. మర్రకేష్‌లో 40 దాటిన రోజు కూడా అక్కడ 25 చుట్టూ ఉంటుంది. అట్లాంటిక్‌లో ఆ తీరం వెంట చల్లటి నీటి ప్రవాహం పోతుంది, పైగా వేసవంతా విసురుగాలి. రుషికొండలో దూకినట్టు దూకకండి, నీళ్లు జివ్వుమంటాయి. నేను మోకాళ్ల దాకా దిగి ఒడ్డుకొచ్చేశాను. రేవులో నీలం పడవల పక్కనే కవళ్ల చేపలు తూచి, నిప్పుల మీద కాల్చి పెడతారు. ముందే ధర తేల్చుకోండి.

డబ్బు యూరోల్లో పట్టుకెళ్లండి, దిర్హమ్‌లు అక్కడే మార్చుకోవాలి. బస్సు లేని ఊళ్ల మధ్య గ్రాండ్ టాక్సీ అని ఆరుగురిని ఎక్కించే షేర్ కారు ఉంటుంది, మద్దిలపాలెం షేర్ ఆటోలో నలిగిన మనకి అదేం కొత్త కాదు. మీ ఫ్రెండ్ శాకాహారి అన్నారు కదా, జాలూక్ అని అడగమనండి. కాల్చిన వంకాయ, టమాటా, వెల్లుల్లితో చేస్తారు, రొట్టెతో బాగుంటుంది. కారమే ఉండదు. నేను మూడో రోజు నుంచి మా అమ్మ కట్టిచ్చిన కారప్పొడి కలుపుకుని తిన్నాను. ఎస్సవీరాలో హోటల్ కుర్రాడు రుచి చూస్తానని ఓ వేలు ముంచి నాకి, చల్లటి లెబెన్ కోసం పరిగెత్తాడు.