పిల్లలు పెట్టిన కుక్క దిగులుగా ఉండి పాలివ్వడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మా పొలం కాపలా కుక్కకు ఇది తొలి కాన్పు. పిల్ల అడ్డం తిరగడంతో ఆపరేషన్ చేసి ఐదు పిల్లల్ని తీశారు. నేటికి నాలుగో రోజు. అప్పటి నుంచి మూలన ముడుచుకుని పడుకుంటోంది. మేత గిన్నె దగ్గరికి రావడం లేదు, పిలిస్తే తోక కూడా ఆడించడం లేదు. పిల్లలు పాలకు వస్తే లేచి పక్కకు వెళ్లిపోతోంది, నిన్న ఒకదానిపై గుర్రుమని మీదికి వెళ్లింది. ఒక పిల్లను మాత్రం పదే పదే నోట కరుచుకుని పడక బయట వదిలేస్తోంది. మనుషుల్లో బాలింతలకు వచ్చే దిగులు కుక్కలకూ వస్తుందా? ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ వేయిస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు, నిజమేనా?

జవాబు: ముందు మీరు ఈ రోజే చేయాల్సిన పనులు రెండున్నాయి. తల్లికి జ్వరం చూసి పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. ఈలోగా పిల్లలకు వెచ్చదనం, పాలు అందేలా చూడాలి. దిగులు సంగతి ఆ తర్వాత ఆలోచించవచ్చు. ఎందుకంటే కాన్పైన కుక్క మందకొడిగా ఉండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వడం లేదంటే శరీరంలో నొప్పి గాని, జబ్బు గాని లేదని తేలేవరకు దాన్ని మనసుకు సంబంధించిన సమస్యగా భావించకూడదు.

మీరు అడిగిన ప్రశ్న మాత్రం సమంజసమైనదే. ప్రసవానికి కాస్త ముందు కుక్క రక్తంలో గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది, పాలు తయారయ్యేలా చేసే ప్రొలాక్టిన్, పాలు చేపడానికి తోడ్పడే ఆక్సిటోసిన్ హార్మోన్లు పెరుగుతాయి. ఈ మార్పులు ప్రవర్తనపై ప్రభావం చూపుతాయనడంలో సందేహం లేదు. అయితే మనుషుల్లో ఈ దిగులును నిర్ధారించడానికి తల్లిని అడిగి తెలుసుకునే వీలుంది, కుక్క విషయంలో మనం చూడగలిగేది ప్రవర్తనను మాత్రమే. ఆ ప్రవర్తనలోనే ఒక ముఖ్యమైన తేడా ఉంది. కాన్పైన మొదటి ఒకటి రెండు రోజులు ఆరోగ్యంగా ఉన్న కుక్క కూడా స్తబ్ధుగానే ఉంటుంది, పిలిస్తే లేవదు, మల మూత్రాలకు సైతం బయటికి రావడానికి ఇష్టపడదు, కానీ అదంతా పిల్లల్ని విడిచిపెట్టలేకే. మీ కుక్క పిల్లల నుంచి తప్పించుకుని మూలకు పోతోంది. పైగా, పాలిచ్చే కుక్కకు రోజురోజుకూ ఆకలి పెరగాలి. నాలుగో రోజుకు కూడా అది గిన్నె వైపు చూడకపోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతోంది.

డిజిటల్ థర్మామీటర్ కొనకు కాస్త వ్యాజిలైన్ రాసి మలద్వారంలో ఉంచి జ్వరం చూడండి. కుక్కకు సాధారణంగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. కాన్పైన తొలి రోజుల్లో కొద్దిగా పెరగడం సహజమే అయినా, 103 దాటితే సాయంత్రం వరకు కూడా ఆగవద్దు. 100 కంటే తక్కువగా ఉన్నా అది అంతే అత్యవసరమని గుర్తించాలి. ఆ తర్వాత తోక ఎత్తి స్రావాన్ని పరిశీలించండి. మొదట్లో నలుపు కలిసిన ఆకుపచ్చ రంగులో, తర్వాత ఇటుక రంగులో కొన్ని వారాల పాటు స్రావం రావడం మామూలే, దానికి దుర్వాసన ఉండదు. కుళ్లిన వాసన, చీము, జ్వరం కలిసి కనిపిస్తే గర్భసంచికి ఇన్ఫెక్షన్ సోకిందని అర్థం. లోపల మాయ ముక్క మిగిలిపోయినప్పుడు ఇలా జరిగే అవకాశం ఎక్కువ.

చన్నులను ఒక్కొక్కటిగా చేత్తో తడిమి చూడండి. కుక్కకు సాధారణంగా ఐదు జతలుంటాయి. వాపు తరచుగా ఒకటి రెండింటికే వస్తుంది కాబట్టి పైపైన చూస్తే తెలియదు. మిగిలిన వాటికంటే వేడిగా, గట్టిగా, ఎర్రగా లేదా నీలి ఛాయతో ఉండి, ముట్టుకోగానే కుక్క తల తిప్పితే అది పొదుగువాపే. ఆ చన్ను నుంచి ఒక చుక్క పిండి తెల్లటి గుడ్డపై వేసి చూస్తే పసుపు, గోధుమ లేదా రక్తపు ఛాయ కనిపించవచ్చు. పనిలో పనిగా పిల్లల గోళ్లు కూడా చూడండి. పాలు తాగేటప్పుడు ముందు కాళ్లతో పొదుగును ఆపకుండా నొక్కుతుంటాయి కాబట్టి, సూదుల్లా పెరిగిన ఆ గోళ్ల గీతలకే కొన్ని తల్లులు లేచిపోతుంటాయి. గోటి కొనను మాత్రం, లోపలి ఎర్రటి భాగానికి తగలకుండా, చిన్న గోళ్ల కత్తెరతో తీసేయండి.

మీ కుక్క విషయంలో మరో అనుమానం ఉంది. ఆపరేషన్ కుట్లు పొట్ట మధ్యలో, సరిగ్గా చన్నుల వరుసల నడుమ ఉంటాయి. ఐదు పిల్లలు ఆ గాయంపై పాకుతూ, కాళ్లతో తంతూ పాలు తాగుతుంటే నొప్పితో లేచిపోవడం, గుర్రుమనడం అసహజం కాదు. కుట్ల చుట్టూ వాపు, తడి, వాసన ఉన్నాయేమో చూసి, పాలిచ్చే కుక్కకు సరిపడే నొప్పి మందు రాయమని ఆపరేషన్ చేసిన వైద్యునినే అడగండి. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ మాత్రలను మీ అంతట మీరు ఎట్టి పరిస్థితుల్లోనూ వేయవద్దు, అవి కుక్కకు ప్రాణాంతకం కాగలవు.

పాడి ఉన్న రైతులకు ఈనిన పశువులో వచ్చే పాలజ్వరం తెలిసిందే. కాల్షియం పడిపోయే ఇలాంటి స్థితి కుక్కలోనూ వస్తుంది, కానీ లక్షణాలు తలకిందులుగా ఉంటాయి. ఆవు చల్లబడి, మెడ వాల్చి కూలబడుతుంది. కుక్క మాత్రం నిలకడ లేకుండా తిరుగుతూ, రొప్పుతూ, కాళ్లు బిగబట్టి నడుస్తూ, కండరాలు అదురుతూ వేడెక్కిపోతుంది. అంతకు ముందే పిల్లల్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఎక్కువ పిల్లలు పెట్టిన చిన్న జాతి కుక్కల్లో, కాన్పైన రెండు నుంచి నాలుగు వారాల మధ్య ఇది ఎక్కువగా కనిపిస్తుంది కనుక, మీ కుక్కకు ఇప్పుడు ఇదే ఉందని నేను అనుకోవడం లేదు. అయినా రానున్న వారాల్లో ఈ లక్షణాలు కనిపిస్తే పిల్లల్ని వెంటనే వేరు చేసి, అర్ధరాత్రైనా సరే వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. గుండె చప్పుడు వింటూ నిదానంగా నరంలోకి ఎక్కించాల్సిన కాల్షియం మందును ఇంటి దగ్గర ఇవ్వడం ప్రమాదకరం. ముందు జాగ్రత్త పేరుతో చూడితో ఉన్న కుక్కకు కాల్షియం పట్టించడం కూడా మేలు చేయదు సరికదా, శరీరం ఎముకల నుంచి కాల్షియాన్ని తీసుకునే యంత్రాంగాన్ని నిద్రపుచ్చి ఈ జబ్బును కొనితెస్తుంది.

జబ్బేదీ లేదని వైద్యుడు తేల్చిన తర్వాతే తల్లితనం కుదురుకోకపోవడం గురించి మాట్లాడుకోవాలి. తొలి కాన్పు, ఆపరేషన్ కలిసి వచ్చినప్పుడు ఇది తరచుగా ఎదురయ్యేదే. సహజ కాన్పులో పిల్ల జనన మార్గం గుండా వచ్చే ఒత్తిడికి ఆక్సిటోసిన్ విడుదలవుతుంది, ఉమ్మనీటిని నాకుతూ తల్లి ఆ వాసనతో పిల్లల్ని తనవిగా గుర్తిస్తుంది. మీ కుక్క మత్తులో ఉండగా పిల్లలు పుట్టాయి, తువ్వాలుతో తుడిచిన పిల్లల్ని తెచ్చి పక్కన పెట్టారు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో దానికి తెలియదు.

ఆక్సిటోసిన్ సూది గురించి మీకు చెప్పినది సగమే నిజం. పొదుగులో ఉన్న పాలను అది చేపిస్తుంది, గర్భసంచిని కుదించుకునేలా చేస్తుంది, అంతేగాని లేని పాలను పుట్టించదు. తుర్కియే కాపలా కుక్కలైన కంగల్ జాతిలో, పిల్లల్ని తినేసిన తల్లుల రక్తంలో ఆక్సిటోసిన్ తక్కువగా ఉన్నట్టు పరిశోధకులు గుర్తించిన మాట వాస్తవమే, కానీ ఒక్క సూదితో తల్లి ప్రేమ వస్తుందని దాని అర్థం కాదు. గర్భసంచికి కుట్లు పడిన కుక్కకు ఈ మందు ఎంత మోతాదులో, అసలు ఇవ్వవచ్చా అనేది ఆపరేషన్ చేసిన వైద్యుడే నిర్ణయించాలి. పాలే తక్కువగా ఉంటే ప్రొలాక్టిన్‌ను పెంచే మెటోక్లోప్రమైడ్ వంటి మందులున్నాయి, వాటికీ వైద్యుని చీటీ తప్పనిసరి.

పిల్లల్ని అలవాటు చేయడం ఓపికతో కూడిన పని. కుక్క బాగా నమ్మే ఒక్క మనిషే ఈ పని చేయాలి. దాన్ని ఒక పక్కకు పడుకోబెట్టి, తల దగ్గర కూర్చుని నిమురుతూ, అవసరమైతే రొప్పడానికి వీలుండే బుట్ట చిక్కం మూతికి కట్టి, ముందుగా ఒక్క పిల్లను కుట్లకు దూరంగా ఉన్న వెనుక చన్నుకు అందించండి. అది కుదురుగా తాగుతుంటే రెండోదాన్ని పెట్టండి. తల్లి పాలనే కొంచెం పిండి పిల్లల వీపుకు రాస్తే నాకడం మొదలుపెట్టవచ్చు. ఒక్కసారి తనంతట తాను నాకిందంటే సగం పని అయినట్టే. పగలూ రాత్రీ రెండు మూడు గంటలకొకసారి ఇలా చేయాలి. అది గుర్రుమన్నదని కొట్టేవారిని, అరిచేవారిని చూస్తుంటాం. దానివల్ల పిల్లలు దగ్గరికొస్తే దెబ్బలు పడతాయని నేర్చుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. తనంతట తాను పిల్లల్ని శుభ్రం చేసి, పడుకుని పాలిచ్చేవరకు వాటిని తల్లితో ఒంటరిగా వదలవద్దు. మిగతా సమయంలో పక్కనే వేరే పెట్టెలో, తల్లికి వాసన, చప్పుడు తెలిసేలా ఉంచండి. పడకను జనం రాకపోకలు లేని, కాస్త చీకటిగా ఉండే చోటికి మార్చి, చూడటానికి వచ్చేవారిని, పిల్లల్ని ఎత్తుకునే చిన్నారులను కొన్నాళ్లు ఆపండి.

బయట పడేస్తున్న ఆ ఒక్క పిల్ల విషయంలో తల్లిని తప్పుపట్టే ముందు పిల్లను పరీక్షించండి. చల్లబడిన పిల్లను, జబ్బు పిల్లను తల్లి పక్కకు నెట్టడం తరచుగా జరుగుతుంది. నోరు తెరిచి అంగిలి చీలి ఉందేమో చూడండి, తాగిన పాలు ముక్కులోంచి వస్తున్నాయేమో గమనించండి. పొట్ట, పాదాలు చల్లగా తగిలితే ముందు వెచ్చబరచాలి, ఆ తర్వాతే పాలు. మొదటి వారంలో పిల్లలకు వణుకుతూ వేడి పుట్టించుకునే శక్తి ఉండదు. శరీర వేడి 94 డిగ్రీల కంటే పడిపోయినప్పుడు పేగులు కదలవు కాబట్టి, అప్పుడు పోసిన పాలు లోపలే పులిసి ప్రాణం తీస్తాయి. గుడ్డలో చుట్టిన గోరువెచ్చని నీటి సీసాతో గంట నుంచి మూడు గంటల్లో నెమ్మదిగా వేడెక్కించండి. మిగిలిన పిల్లల పడక దగ్గర కూడా ఈ వారం 85 నుంచి 90 డిగ్రీలు ఉండాలి, అయితే వేడెక్కితే పక్కకు పాకిపోవడానికి చల్లటి మూల ఒకటి వదలాలి.

తల్లి పాలు చాలకపోతే కుక్కపిల్లల కోసమే తయారైన పాలపొడి వాడండి. కుక్క పాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవు పాలకంటే రెట్టింపుకు మించి ఉంటాయి, కాబట్టి నీళ్లు కలిపిన ఆవు పాలతో పిల్లలు కడుపు నిండినట్టు కనిపిస్తూనే చిక్కిపోతాయి. గేదె పాలలో కొవ్వు ఎక్కువే అయినా మాంసకృత్తులు చాలవు, లాక్టోజ్ అనే పాల చక్కెర మాత్రం ఎక్కువై విరేచనాలు పడతాయి. పిల్లను బోర్లా ఉంచి తాగించాలి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక్కో పూటకు 100 గ్రాముల బరువుకు 4 మిల్లీలీటర్లు మించకుండా, రెండు మూడు గంటలకొకసారి పట్టండి. తాగించిన ప్రతిసారీ గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో పొట్ట కింద, తోక కింద మెల్లగా రుద్దితేనే అవి మల మూత్రాలు విసర్జిస్తాయి. తల్లి నాకి చేసే ఈ పనిని దాదాపు మూడు వారాలు మీరు చేయాల్సి రావచ్చు. వంటింటి త్రాసుపై రోజూ ఒకే సమయానికి తూచి రాసుకోండి. రోజుకు 5 నుంచి 10 శాతం పెరుగుతూ, పదో రోజుకు పుట్టిన బరువుకు రెట్టింపు కావాలి. ఏ పిల్లైనా ఒక రోజంతా పెరగకపోతే వైద్యునికి చూపించండి.

ఈ పనుల్లో మీకు పంటి గాటు పడితే, అది మన కుక్కే కదా అని ఊరుకోకుండా, సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి. కుక్కకు రేబిస్ టీకా వేయించకుండా ఉంటే ఆ విషయం వైద్యునికి ముందే చెప్పాలి, ఎందుకంటే మేత మానడం, ప్రవర్తన మారడం ఆ జబ్బులోనూ కనిపిస్తాయి.

తల్లి కోలుకుని మేత మొదలుపెట్టాక, కుక్కపిల్లల మేతగా అమ్మే బలమైన ఆహారాన్నే దానికీ రోజుకు మూడు నాలుగు సార్లు ఇచ్చి, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. మళ్లీ కాన్పుకు పంపాలా అన్నది ఇప్పుడే నిర్ణయించుకోనవసరం లేదు. నొప్పి వల్లనో, జ్వరం వల్లనో పిల్లల్ని వద్దనుకున్న కుక్క తర్వాతి కాన్పులో మంచి తల్లి కావచ్చు. జబ్బేదీ లేకుండా పిల్లల్ని కరిచి గాయపరిచిన కుక్కలో మాత్రం అది తిరగబెట్టే అవకాశం ఎక్కువ కాబట్టి, పాలు ఎండిపోయిన తర్వాత దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడమే నా సలహా.