సున్నా అని రాసేముందు

తమ్ముడూ,

నికర పని, అంటే ఒక వస్తువు మీద అన్ని బలాలూ చేసిన పనుల మొత్తం, దాని మీద నీ వ్యాసం చదివాను. లెక్కల్లో తప్పు లేదు. కానీ ‘బకెట్ స్థిర వేగంతో పైకొస్తోంది కాబట్టి పని సున్నా’ అన్నావు చూడు, నీళ్లు తోడే మనిషెవరైనా అక్కడే చదవడం ఆపేస్తారు. అరచేతులు బొబ్బలెక్కుతుంటే పని సున్నా ఏమిటి? ‘నికర’ అన్న మాటను మింగేశావు.

ముందు ఏ బలం పద్దు దానికి విడిగా రాయి. నీళ్లతో కలిపి బకెట్ 10 కిలోలు, బావి లోతు 8 మీటర్లు అనుకో. గిలక రాపిడి, తాడు బరువు పక్కన పెట్టు. కిలోకు 9.8 న్యూటన్ల చొప్పున బకెట్ బరువు 10 × 9.8 = 98 న్యూటన్లు. వడి మారకుండా పైకి రావాలంటే తాడు లాగేదీ అంతే. తాడు చేసిన పని 98 × 8 = 784 జౌళ్లు. భూమి కిందికి లాగుతుంటే బకెట్ పైకి కదులుతోంది కాబట్టి గురుత్వం చేసిన పని −784. కూడితే సున్నా. అంటే బకెట్ గతిజశక్తి (కదలిక వల్ల ఉండే శక్తి) మారలేదని, అంతే. నువ్వు పెట్టిన 784 స్థితిజశక్తిగా (ఎత్తు వల్ల చేరే శక్తిగా) చేరింది. అయితే గురుత్వం పనిని లెక్కలో వేశాక స్థితిజశక్తిని మళ్లీ వేయకు, ఒకే అప్పు రెండుసార్లు రాసినట్టవుతుంది. బియ్యం బస్తాను నేల మీద ఈడ్చే ఉదాహరణ ఇస్తే స్థితిజశక్తి ఊసే ఉండదు, ఘర్షణకు ఎదురు పెట్టిందంతా వేడిగా పోతుంది.

‘బలాలు సమానమైతే అసలు కదిలిందెలా?’ అని పాఠకుడు అడిగి తీరతాడు. మొదట్లో తాడును 98 కన్నా కాస్త ఎక్కువ బలంతో లాగుతాం. వడి సెకనుకు అర మీటరుకు చేరితే గతిజశక్తి ½ × 10 × 0.25, అంటే 1.25 జౌళ్లు. ఆ కాసేపూ నికర పని సున్నా కాదు, 1.25. గట్టు దగ్గర ఆపేటప్పుడు పట్టు 98 కన్నా తగ్గుతుంది, ఆ 1.25 పోతుంది. అందుకే బకెట్ ఆగేసరికి తాడు చేసిన మొత్తం పని మళ్లీ 784 దగ్గరే తేలుతుంది.

ఇక మాట సంగతి. ఇంట్లో మనకు అన్నీ వేగమే. వ్యాసంలో అలా కుదరదు: ఎంత జోరుగా కదులుతోందో చెప్పేది వడి, దానికి దిశ కూడా కలిస్తే వేగం. తల చుట్టూ అడ్డంగా, ఒకే తీరుగా తిప్పే వడిసెల రాయి వడి మారదు, దిశ మారుతుంది కాబట్టి వేగం మారుతుంది. నికర బలం లోపలికి లాగుతూనే ఉంటుంది కానీ కదలికకు లంబంగా ఉండటంతో పని చేయదు. కాబట్టి నికర పని సున్నా అయినంత మాత్రాన నికర బలమూ సున్నా అని రాయకు. నీ మూడో పేరాలో సరిగ్గా అదే ఉంది, కొట్టేయి. రాయి ఉదాహరణలో ‘స్థిర వేగం’ అన్నచోటల్లా ‘స్థిర వడి’ అని దిద్ది పంపు.

ఇట్లు,
అన్నయ్య