షీషం పెట్టెలకు కాగితాలు

ప్రశ్న: సికింద్రాబాద్‌లో మాది చిన్న చెక్కపని షాపు. లండన్ నుంచి షీషం కర్రతో చేసిన నగల పెట్టెలకు, రెండు మంచాలకు ఆర్డరొచ్చింది. కర్ర సక్రమమైందేనని రుజువు కావాలంటున్నారు. ఏం చేయాలి సార్?

జవాబు: అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్. 2017 జనవరిలో షీషం దాని రెండో అనుబంధంలోకి, అంటే పర్మిట్ ఉంటేనే ఎగుమతి చేయగల జాబితాలోకి వచ్చినప్పుడు, నా సరుకు కాగితం లేక నెలన్నర గోడౌన్‌లోనే ఉండిపోయింది. అప్పు తెచ్చి పనివాళ్లకు కూలి ఇచ్చాను. మీకా అవస్థ వద్దు.

2022లో పనామాలో జరిగిన సైటిస్ సమావేశం తర్వాత, ఒక్కో వస్తువులో కర్ర 10 కిలోలలోపుంటే సైటిస్ పర్మిట్ అక్కర్లేదు. ఇత్తడి బందుల బరువు లెక్కలోకి రాదు. కాబట్టి మీ పెట్టెలకు ఇబ్బంది లేదు. మంచాలు ఆ హద్దు దాటతాయి. వాటికి హస్తకళల ఎగుమతి ప్రోత్సాహక మండలిలో కర్ర సక్రమమైందని తెలిపే ‘వృక్ష్’ ధ్రువపత్రం కోసం అడగండి. వాళ్లు చూసేది కర్ర ఎక్కడ కొన్నారనే. బిల్లు ఇవ్వని డిపోలో, ఎంత చవకైనా సరే, ఒక్క దుంగ కూడా కొనకండి.