దండీలా, బార్‌బెల్లా?

ప్రశ్న: నా వయసు 24, బరువు 62 కిలోలు. ఏడాదిగా ఇంట్లోనే రోజూ పుషప్స్ తీస్తున్నాను. మొదట్లో పది తీయడానికే ఆయాసపడేవాణ్ని, ఇప్పుడు ఆగకుండా 40 తీస్తున్నాను. అయినా కొన్ని నెలలుగా ఛాతీ కొలత పెరగడం లేదు. బెంచ్ ప్రెస్ చేయనిదే ఛాతీ రాదని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ స్నేహితుల మాటలో సగం నిజం ఉంది. మామూలు పుషప్‌లో శరీర బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చేతుల మీద పడుతుంది కనుక, మీరు ప్రతిసారీ నెడుతున్నది సుమారు 40 కిలోలు. బెంచి మీద వెల్లకిలా పడుకొని అంతే బరువున్న బార్‌ను నెట్టినా ఛాతీ కండరానికి పెద్ద తేడా తెలియదు. తేడా ఆ తరువాత వస్తుంది. జిమ్‌లో అయితే వచ్చే వారం బార్‌కు చెరొక వైపు 1.25 కిలోల ప్లేటు తగిలించవచ్చు, మీ ఒంటి బరువు మాత్రం ఏడాదిగా అంతే ఉంది. అంకె పది నుంచి నలభైకి చేరేసరికి కండరానికి ఓర్పు వచ్చింది, లావెక్కవలసిన అవసరం తగ్గిపోయింది. (తాలింఖానాలలో వందల కొద్దీ దండీలు తీసిన పహిల్వాన్లు కూడా వాటితోనే సరిపెట్టుకోలేదు, గదలు తిప్పారు, రాళ్లు ఎత్తారు.)

తేలికైన బరువుతోనైనా, ఇక ఒకటి రెండుకు మించి తీయలేననే స్థితి దాకా చేస్తే కండరం పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. మీ నలభయ్యవ పుషప్ ఆ స్థితిలో వస్తున్నదో, లేక అంకె పూర్తయిందని ఆపేస్తున్నారో గమనించండి. ఆపేస్తున్నట్లయితే పుషప్‌నే కష్టం చేయాలి. పాదాలను కుర్చీ మీద పెడితే చేతుల మీది భారం పెరగడమే కాక, పని కొంత ఛాతీ పైభాగానికి మారుతుంది. కదలకుండా ఉన్న రెండు ఇటుకల మీద అరచేతులు ఆనించి, ఛాతీ వాటి కంటే కిందికి దిగేలా, మూడు సెకన్లు తీసుకుంటూ వంగండి. అదీ సులువైతే పాత స్కూలు బ్యాగులో ఐదు కిలోల బియ్యం పోసి, పట్టీలు బిగించి, భుజాలకు దగ్గరగా వేసుకొని, 10 నుంచి 20 మధ్యలో చేతులు ఆగిపోయేలా చూసుకోండి. రోజూ వద్దు, వారానికి మూడు రోజులు చాలు.

జిమ్ దగ్గరలో ఉండి, రుసుము భారం కాకపోతే నిస్సంకోచంగా చేరండి. బియ్యం సంచి కంటే ప్లేట్లతో లెక్క తేలిక. అయితే బెంచ్ ప్రెస్ చేసేటప్పుడు తల వైపు ఒకరు నిలబడి ఉండాలి, ఎందుకంటే పుషప్‌లో శక్తి చాలకపోతే నేల మీద వాలిపోతారు, ఇక్కడ బార్ ఛాతీ మీద పడుతుంది.

ఏ దారిలో వెళ్లినా మీ బరువుకు రోజుకు సుమారు 100 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఒక గుడ్డులో ఉండేవి ఆరు గ్రాములే కనుక, చారన్నంతో, పచ్చడి మెతుకులతో ఆ లెక్క తేలదు; పప్పు, పెరుగు, చేప, కోడిమాంసం పూట పూటకూ ఉండాలి.

కొలత ఎప్పుడు తీసుకుంటున్నారో మీరు రాయలేదు. వ్యాయామం ముగిసిన వెంటనే రక్తం చేరి కండరం కాసేపు ఉబ్బుతుంది కాబట్టి, నెలకొకసారి ఉదయం లేవగానే, ఊపిరి మామూలుగా వదిలి టేపు చుట్టండి.